అన్నిటికీ ఓటేసే బాబాయ్

మా ఆఫీసులో నా హోదా కోఆర్డినేటర్. బల్ల మీద ఆ మాట రాసిన చెక్కముక్క కూడా ఉంది. దాన్నెవరూ ఖాతరు చేయరు. నన్నందరూ ఎలక్షన్ ఆఫీసరు అంటారు. వెనకాల అంటారు, మొహం మీదే అంటారు, నాకు కోపం వచ్చిన రోజున మాత్రం మానేస్తారు. నాకు వారంలో మూడు రోజులైనా కోపం వస్తుంది కాబట్టి మిగిలిన మూడు రోజులే ఆ పిలుపు వినపడుతుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆఫీసు గ్రూపులో పోల్ పెట్టే పని నాది. మాది నరసరావుపేటలో మట్టి, నీళ్ళు పరీక్ష చేసే ప్రైవేటు ల్యాబ్. రైతుల పొలాల నుంచి మట్టి తెప్పించి, అందులో ఏది ఎంతుందో, ఏది తక్కువైందో చూసి కాగితం మీద రాసిస్తాం. ల్యాబులోనూ ఆఫీసులోనూ కలిపి నాతో సహా తొమ్మిది మందిమి. ఊళ్ళ మీద తిరిగి మట్టి తెచ్చేవాళ్ళు ఆరుగురు. మొత్తం పదిహేను. మా అందరి నెత్తిన మేనేజరు గారు ఒకరు. ఈ పదిహేను అనే అంకె కాస్త గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

రెండేళ్ళ క్రితం హైదరాబాదు హెడ్డాఫీసు వాళ్ళు ఒక యాప్ పంపి అందరి ఫోన్లలో పెట్టుకోమన్నారు. ఇక నుంచి ఆఫీసు మాటలన్నీ అందులోనేనట. మిగిలిన గుణగణాల సంగతి నాకు తెలియదు గానీ, అందులో పోల్ పెట్టే వీలుందని తెలిసిన రోజున నాకు పండగే అయింది. ఎందుకంటే అంతకు ముందు ఏ విషయం అడిగినా మా వాళ్ళ దగ్గర ఒకటే జవాబు: "మీ ఇష్టం మేడం." టీ పొడి మార్చాలా అంటే మీ ఇష్టం. వాటర్ క్యాన్ ఎవరి దగ్గర తెప్పించాలంటే అందరూ ఎట్టంటే అట్ట. తీరా నా ఇష్టప్రకారం తెప్పించాక, నెల రోజులు నా టీ పొడిని ఆడిపోసుకుంటారు. పోల్‌లో ఆ వేషాలు కుదరవు. ఉన్నవి రెండో మూడో గడులు. ఏదో ఒకటి నొక్కాల్సిందే. "మీ ఇష్టం" అనే గడి నేను చచ్చినా పెట్టను.

మొదట్లో నాకు కొంచెం పిచ్చి పట్టిన మాట నిజమే. ఏసీ ఇరవై నాలుగు మీద ఉంచాలా, ఇరవై ఆరు మీదా? పుట్టినరోజుకు కేకా, మైసూరుపాకా? విరిగిన కుర్చీ బాగు చేయించాలా, పారేయాలా? ఇంట్లో కూడా గ్రూపు ఒకటి చేసి, నేనూ మా ఆయనా సభ్యులుగా, సాయంత్రం కూరేంటని పోల్ పెట్టాను. మా మూడో తరగతి అమ్మాయి వాళ్ళ నాన్న ఫోన్ లాక్కుని రెండు కూరలూ కాదని రాసి పంపింది.

అసలు సంగతి బోధపడింది మాత్రం కోటప్పకొండ వ్యాన్ దగ్గర. ప్రతి శివరాత్రికీ మా ఆఫీసు మొత్తం వ్యాన్ మాట్లాడుకుని తిరునాళ్ళకు పోతాం. ఆ ఏడు ఎన్నింటికి బయల్దేరాలో పోల్ పెట్టాను. ఉదయం అయిదు, ఏడు, తొమ్మిది. పొద్దున పెడితే సాయంత్రానికి ఒక్క ఓటూ పడలేదు. చూసినవాళ్ళు ఎంతమంది అంటే అందరూ. నాకు మండింది. ల్యాబులోకి వెళ్ళి, "ఏం, వేళ్ళు పడిపోయినయ్యా?" అని అడిగాను. పరీక్షలు చేసే అమ్మాయి తల వంచుకుని చెప్పింది. "సారు ఇంకా వెయ్యలేదు గదా మేడం."

అప్పుడర్థమైంది. ఎవరు ఏది నొక్కారో పేర్లతో సహా కనపడుతుంది. సారు ఒకదానికి వేసి, తాము ఇంకోదానికి వేస్తే సారును కాదన్నట్టు కదా. అందుకని నేను తప్ప అందరూ ఆయన వేలి కోసం కాచుకుని కూర్చున్నారు. ఆ సమయానికి సారు పిడుగురాళ్ళ దగ్గర సున్నం లారీల మధ్య ఇరుక్కుని ఉన్నారు. విసుగొచ్చి ఫోన్ తీశారు. బండి కుదుపుకు వేలు ఎక్కడో తగిలింది. తగిలింది అయిదింటి మీద. రెండు నిమిషాల్లో ఓట్లన్నీ అయిదింటికే పడ్డాయి. నా హయాంలో అంత ఏకగ్రీవమైన పోల్ మళ్ళీ జరగలేదు.

శివరాత్రి నాడు తెల్లవారుజామున అందరం ఆవులిస్తూ వ్యాన్ దగ్గర నిలబడ్డాం. అందరికంటే ఆఖరున సారు వచ్చారు, చెవులకు మఫ్లర్ చుట్టుకుని, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని. "ఎవరయ్యా ఈ అయిదింటి టైం పెట్టింది? బుద్ధుందా?" అన్నారు. నాకు ఊరుకోవడం చేతకాదు. "మీరే సార్" అన్నాను. దూరాన తిరునాళ్ళకు కట్టిన ఎత్తైన ప్రభల దీపాలు కనపడేదాకా వ్యాన్‌లో ఎవరూ ఊపిరి గట్టిగా తీసుకోలేదు. అవి కనపడ్డాక సారే ముందుగా నవ్వారు. ఇక మీదట తాను ఏ పోల్‌లోనూ ఓటెయ్యనని అక్కడే, వ్యాన్‌లోనే మాటిచ్చారు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడ్డారు.

ఆ తర్వాత పేర్లు కనపడకుండా పోల్ పెట్టి చూశాను. అది ఇంకా అన్యాయం. ఎవరు వేశారో తెలియకపోతే వేసి ఏం లాభమని మా వాళ్ళ బాధ. ఓటు వేయడం, వెంటనే నాకు ఫోన్ చేయడం. "మేడం, నేను రెండోదానికి వేశాను, మీకు తెలిసుంటే మంచిదని." పదిహేనులో నన్ను తీసేస్తే పద్నాలుగు ఫోన్లు. ఒకాయన ఫోన్‌లో అయితే ఎవరన్నా వింటారని నా బల్ల దాకా వచ్చి చెవిలో చెప్పి పోయాడు. రెండు వారాలు భరించి, మళ్ళీ పేర్లు కనపడేలానే పెట్టాను.

ఇక బాబాయ్ సంగతి. మట్టి తెచ్చే ఆరుగురిలో ఆయన అందరికంటే పెద్ద. ఊరు రెంటచింతల. అరవై దాటాయి. బక్కపలచని మనిషి, తెల్లమీసం, నవ్వితే పక్క పన్ను ఒకటి లేని సంగతి తెలుస్తుంది. నాకేమీ చుట్టం కాదు. మొదటి రోజునే "అమ్మాయ్" అన్నారు, నేను "బాబాయ్" అన్నాను, అంతటితో వరస కలిసిపోయింది. జీవితమంతా కౌలు చేశారు, కూలికెళ్ళారు. ఫోటో ఉన్న కార్డు మెడలో వేసుకునే ఉద్యోగం ఆయనకు ఇదే మొదటిది. ఆ కార్డు మీద ఆయనకున్న మురిపెం చెప్పలేను. ఆదివారం గుడికి, అంటే వాళ్ళ చర్చికి కూడా వేసుకుని పోయారట. పూజయ్యాక ఫాదరు గారు పట్టుకుని చూసి, ఫోటో బాగా పడిందన్నారట. ఆ మాట నాకు మూడుసార్లు చెప్పారు.

ఆయనతో నాకొచ్చిన తంటా ఏంటంటే, పోల్‌లో ఆయన అన్నిటికీ ఓటేసేవారు. ఒక శనివారం ఆఫీసు భోజనానికి చికెన్ బిర్యానీ, వెజ్ బిర్యానీ, మామూలు భోజనం అని పెట్టాను. మూడింటి కిందా ఆయన బొమ్మ వచ్చింది. అవి తపస్సుకాలం రోజులు. ఈస్టరు దాకా ఆయన మాంసం ముట్టరని నాకు తెలుసు. ఫోన్ చేశాను.

"బాబాయ్, ఏందిది? చికెన్‌కు కూడా వేశారే?"

"ఏశానమ్మాయ్. తినేవోళ్ళు ఉన్నారుగా."

"మీరేం తింటారో దానికే వెయ్యాలి."

"నేను ఏం పెట్టినా తింటా. ఒకదానికేసి ఇంకోదానికి ఎయ్యకపోతే, అది అడిగినోళ్ళు ఏమనుకుంటారు? ఎవుర్నీ నొప్పించటం ఎందుకు?"

ఇట్లా కాదని, ఒక్కళ్ళు ఒక్కదానికే వేసేలా మార్చి పెట్టాను. వెంటనే ఆయన దగ్గర నుంచి ఫోన్. "అమ్మాయ్, ఓటు నిలబట్టంలా. రెండోది నొక్కితే మొదటిది పోతంది." అలానే ఉంటుందని వివరించాను. సరేనన్నారు. అప్పట్నుంచి కొత్త పద్ధతి మొదలుపెట్టారు. అందరూ వేసేదాకా ఆగి, దేనికి తక్కువ పడ్డాయో చూసి దానికి వేసేవారు. పుట్టినరోజుకు కాకరకాయ పకోడీ అని నేను సరదాకి ఒక గడి పెడితే, దానికి పడిన ఒకే ఒక ఓటు బాబాయ్‌ది. "ఒక్కళ్ళు కూడా ఎయ్యలా, పాపం" అన్నారు అడిగితే. పకోడీ మీద జాలిపడే మనిషిని నేను అక్కడే చూశాను.

దానికి తోడు వాయిస్ మెసేజులు. ఆయనకు టైపు చేయడం రాదు. ఓటు వేసిన ప్రతిసారీ, ఎందుకు వేశారో వివరిస్తూ గ్రూపులో రెండు మూడు నిమిషాల మెసేజు ఒకటి పెట్టేవారు. అందులో సగం ట్రాక్టరు చప్పుడు, పావు వంతు మాచర్ల బస్సు హారను. ఎవరూ వినేవారు కాదు. ఒట్టు, నేనూ వినేదాన్ని కాదు. ఓటు లెక్కలోకి వచ్చింది కదా, ఇంక ఉపన్యాసం ఎందుకని వదిలేసేదాన్ని.

మొన్నటి ఫిబ్రవరిలో ఆయనతో పాటు ఒక రోజు పొలానికి వెళ్ళాను. మట్టి ఎలా తీస్తారో ఫోటోలు తీసి పంపమని హెడ్డాఫీసు అడిగింది. పత్తి కట్టె పీకేసిన చేను. బాబాయ్ చేను మొత్తం వంకరటింకరగా నడుస్తూ, పదీ పన్నెండు చోట్ల పలుగుతో జానెడు లోతు గుంట తీసి, గుంట అంచు నుంచి పైనా కిందా సమానంగా పలచగా మట్టి చెక్కి తట్టలో వేసుకున్నారు. అదంతా గోనె మీద పోసి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, బాగా కలిపి, గుండ్రంగా పరిచి, వేలితో నాలుగు భాగాలు గీశారు. ఎదురెదురు రెండు భాగాలు తీసి పారేశారు. మిగిలింది మళ్ళీ కలిపి, మళ్ళీ నాలుగు భాగాలు. చివరికి అరకిలో మట్టి మిగిలింది. అయిదెకరాల చేను తరఫున ఆ అరకిలోనే ల్యాబుకు వస్తుంది.

నేనూ చేస్తానని పలుగు తీసుకున్నాను. ఫిబ్రవరే అయినా ఎండ చురుక్కుమంటోంది. గట్టు దగ్గర వేపచెట్టు కింద నిలబడి అక్కడే గుంట తీయబోయాను. బాబాయ్ గబగబా వచ్చారు.

"ఆడ తియ్యమాకు అమ్మాయ్."

"ఇది కూడా చేలోదే కదా బాబాయ్?"

"చేలోదే. కానీ నీడపట్టు మట్టి. ఆకు రాలిద్ది, చల్లగా ఉంటది, గొడ్లు పడుకుంటయ్. అది చెట్టుకింద సంగతి చెప్పిద్ది గానీ చేను సంగతి చెప్పదు. ఎండలో ఉన్న మట్టి తియ్యి."

చీర కొంగు నెత్తిన వేసుకుని ఎండలోకి నడిచి రెండు గుంటలు తీశాను. అరచేతిలో బొబ్బ లేచింది. ఆ బొబ్బను ఆఫీసులో అందరికీ చూపించి, నాలుగు రోజులు గొప్పలు చెప్పుకున్నాను.

మార్చి మొదట్లో హెడ్డాఫీసు నుంచి సందేశం వచ్చింది. వేసవి వేళలు ఏ బ్రాంచి వాళ్ళు ఆ బ్రాంచిలోనే తేల్చుకోమన్నారు. కావాలంటే పోల్ పెట్టుకోమన్నారు. అందరికీ ఒకటే వేళ ఉండాలి, ఎందుకంటే పొలం నుంచి వచ్చిన మట్టి ఆ రోజే ల్యాబులో రాసుకోవాలి, ఉన్నది ఒకటే బండి. తేలిన వేళే జూన్ ఆఖరు దాకా. నేను రెండు గడులు పెట్టాను. ఒకటి, ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు. రెండోది, తొమ్మిది నుంచి అయిదున్నర. గడువు శనివారం సాయంత్రం అయిదు.

మాకు పని ఎక్కువ ఉండేది వేసవిలోనే. పైర్లు తీసేసి చేలు ఖాళీగా ఉంటాయి కాబట్టి మట్టి అప్పుడే తీయాలి. రెంటచింతల ఎండ గురించి మా వైపు వాళ్ళకు కొత్తగా చెప్పే పనిలేదు. కిందటేడు తొమ్మిదింటి డ్యూటీయే నడిచింది. మే నెలలో ఒక రోజు బాబాయ్ చేలోనే పడిపోయారు. తట్ట ఒక పక్క, మనిషి ఒక పక్క. ఆసుపత్రిలో సెలైన్లు పెట్టారు. పదకొండు దాటాక ఎండలో ఉండొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వారం తర్వాత, ఏమీ జరగనట్టు మెడలో కార్డుతో వచ్చారు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా నేను తొమ్మిదికే వేశాను. నా ఇబ్బంది నాది. ఒంటిపూట బడులు మొదలైతే మా అమ్మాయి స్కూలు బస్సు ఏడింటికే వస్తుంది. దాన్ని లేపాలి, రెండు జడలు వెయ్యాలి, బాక్సు కట్టాలి. మా ఆయనకు సెల్ ఫోన్లు బాగుచేసే షాపుంది, పదింటికి గానీ తెరవడు, ఎనిమిదింటికి గానీ లేవడు. జడ అల్లడం ఆయనకు రాదు. నేర్చుకోమని నేనెప్పుడూ అడగలేదు కూడా. ఎండ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, ఈసారి టోపీలు ఇస్తారట కదా, మజ్జిగ ప్యాకెట్లు ఇస్తారట కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

సర్దిచెప్పుకుని ఊరుకున్నానా, లేదు. ప్రచారానికి దిగాను. ఎలక్షన్ ఆఫీసరు ప్రచారం చేయకూడదని తెలుసు. బుధవారం ల్యాబుకు మిరపకాయ బజ్జీలు తెప్పించి, ఏడింటి బస్సు కథ కన్నీళ్ళొచ్చేలా చెప్పాను. ఆ సమయానికి మట్టి సంచులు దించుతున్న బాబాయ్ కూడా ఒక బజ్జీ తింటూ నా కథ విన్నారు. ల్యాబులో మధ్యాహ్నం నుంచి సెలవు దొరుకుతుందని ఆశపడ్డ ముగ్గురు మాత్రం, బజ్జీలు తిని కూడా, ఆరింటికే వేశారు. వాళ్ళతో నేను రెండు రోజులు మాట్లాడలేదు. పొలం వాళ్ళలో నలుగురు ఆరింటికి వేశారు. మాచర్ల నుంచి బస్సులో వచ్చే అతను మాత్రం పొద్దున్నే రాలేనని తొమ్మిదికి వేశాడు. శుక్రవారం సాయంత్రానికి ఆరింటికి ఏడు, తొమ్మిదికి ఏడు. మిగిలింది ఒక్క బాబాయ్.

ఆ సాయంత్రం ఆయన సంచులు దింపి నా బల్ల దగ్గరకొచ్చారు.

"ఓటెయ్యండి బాబాయ్. మీ ఒక్కరిదే మిగిలింది" అన్నాను, కాస్త పొడిగానే.

"ఏస్తాలే. రేపటిదాకా టైముందిగా." కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్ళు తాగారు. "మీ పిన్నమ్మ ఒకటే గోల అమ్మాయ్. ఈ ఏడు కూడా తొమ్మిదింటి డ్యూటీ అయితే పంపియ్యదంట. కార్డు ఇచ్చేసి ఇంటికాడ కూచోమంటంది."

"మీరేమన్నారు?"

"ఏమంటా? కిందటేడు ఆసుపత్రిలో మూడు రోజులు కాళ్ళకాడ కూచుంది. దానికి ఎదురు చెప్పేదానికి నాకు మొహం లేదు." మెడలో కార్డును బొటనవేలితో తుడుస్తూ నవ్వారు. "ఇంటికాడ కూచుంటే పొద్దుపోదు, అదీ బాధ."

ఇంకేముంది, ఆయన ఆరింటికి వేస్తారు, నేను ఒక్క ఓటుతో ఓడిపోతాను అనుకున్నాను. ఆయన మీద జాలి, నా ఓటమి మీద ఉక్రోషం, రెండూ కలిసి ఇంటికెళ్ళి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

శనివారం నాలుగు దాటాక ఫోన్ టింగుమంది. చూస్తే తొమ్మిదింటికి ఎనిమిది, ఆరింటికి ఏడు. కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచాను. పరీక్షలు చేసే అమ్మాయి పరిగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టింది. అందరికీ టీ చెప్పమన్నాను. ఫలితం ప్రకటించే మెసేజు ముందే టైపు చేసి పెట్టుకున్నాను, గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. ఓడిందాన్ని చెరిపేశాను కూడా.

అప్పుడు గానీ, మిగిలి ఉన్నది బాబాయ్ ఓటు ఒక్కటేనన్న సంగతి నాకు తట్టలేదు. నొక్కి చూస్తే బాబాయ్ బొమ్మ. ఆ కార్డు మీద ఫోటోనే ఫోన్‌లోనూ పెట్టుకున్నారు. వేలు జారిందేమో అనుకున్నాను. లేకపోతే తక్కువ పడ్డ గడి మీద జాలేమో అనుకున్నాను. కానీ రెండూ ఏడే కదా, ఇందులో జాలిపడటానికి ఎవరున్నారు? కింద మామూలుగానే వాయిస్ మెసేజు ఉంది. రెండు నిమిషాల పైనే. ఆయన మెసేజు మొదటిసారిగా చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

"అమ్మాయ్, నేనమ్మా. తొమ్మిదింటికి ఏశాను. ఆరింటికంటే నువ్వు చీకటితోనే రావాల. ఏడింటికి గదా పిల్లకి బస్సు, మొన్న బజ్జీలకాడ అన్నావు. ఆ పిల్ల ఎప్పుడు లేచిద్ది, ఎవురు జడేస్తారు? తల్లి దగ్గరుండి పంపితే ఆ సంగతి వేరు. నాదేముంది, ఇంటికాడ గేదె ఉంది, దాన్ని చూసుకుంటా. మీ పిన్నమ్మకి కూడా సంతోషం. కార్డు సోమవారం తెచ్చిస్తా, సారుకి నువ్వే చెప్పు, నాకు చెప్పబుద్ధి కావట్లా. ఇంకోటమ్మాయ్, కాలవ పక్క చేను సంచి మీద రైతు పేరు తడిసి చెరిగింది. అది చూసి మళ్ళా రాయించు, మర్చిపోమాక."

ఆ తర్వాత ఏదో బస్సు హారను, అంతే.

టీ వచ్చింది. తాగబుద్ధి కాలేదు. నాకు సిగ్గేసింది. చెవుల దాకా వేడెక్కేంత సిగ్గు. పైన ఏసీ ఇరవై నాలుగు మీద ఉంది. అది కూడా నేను పోల్ పెట్టి గెలిపించిందే. నేను పోగేసిన ఓట్లన్నీ ఎక్కడివి? ఒక్క మాచర్ల అతన్ని తీసేస్తే, అన్నీ ఈ గదిలోవే. అన్నీ నీడపట్టు మట్టే. ఎండ సంగతి వాటికేం తెలుసు? పలుగు పట్టుకుని ఎండలోకి నడిపించి మరీ చెప్పిన మనిషి, తన సంగతి వచ్చేసరికి నా నీడకే ఓటేసి కూర్చున్నాడు.

మా ఆయనకు ఫోన్ చేశాను. షాపులో ఎవరి ఫోనో విప్పి ఉన్నట్టున్నాడు, నోట్లో స్క్రూ డ్రైవరు పెట్టుకుని మాట్లాడాడు.

"జడ వెయ్యడం ఎన్ని రోజుల్లో నేర్చుకుంటావ్?"

"ఎవరికి?"

"నీ కూతురికి. సోమవారం నుంచి ఆరింటికి లేవాలి నువ్వు."

"ఇంత సన్న వైర్లు అతికిస్తున్నా, జడ ఎంతసేపు?" అన్నాడు. ఆ ధీమా నాలుగు రోజులు కూడా నిలవలేదు. వేసవి సెలవులిచ్చేదాకా నెలన్నర పాటు మా అమ్మాయి ఒక జడ చెవి పైనా, ఇంకో జడ మెడ కిందా వేసుకుని బడికి పోయింది. టీచరు అడిగితే, "మా నాన్న నేర్చుకుంటున్నాడు" అని చెప్పిందట. వాళ్ళిద్దరికీ అప్పటిదాకా లేని దోస్తీ ఆ దువ్వెన దగ్గరే కుదిరింది. నేనింకా ముందే అడిగి ఉండాల్సింది.

కానీ ఆ శనివారం అయిదు కావడానికి ఇంకా పావుగంట ఉంది. నా ఓటు తీసి ఆరింటికి మార్చాను. గీతలు అటూ ఇటూ కదిలాయి. ఆరింటికి ఎనిమిది, తొమ్మిదికి ఏడు. ల్యాబులోంచి "మేడం!" అని కేక వినపడింది. నేను తలెత్తలేదు. ఇంతలో ఫోన్ మోగింది. బాబాయ్.

"అమ్మాయ్, కొంప మునిగింది. నీ ఓటు ఆరింటికి పడింది చూసుకో. వేలు జారినట్టుంది. ఇంకా టైముంది, గబాల్న మార్చుకో."

"జారలేదు బాబాయ్. నేనే మార్చా."

"మరి పిల్ల?"

"పిల్లకి వాళ్ళ నాన్న ఉన్నాడుగా."

అవతల ఎక్కడో గేదె అరిచింది. పిన్నమ్మ కాబోలు, "ఏందంట? ఏందంట?" అని అడుగుతోంది.

"అయితే అమ్మాయ్," అన్నారు బాబాయ్, గొంతు తగ్గించి, నన్నేదో పెద్ద కోరిక కోరుతున్నట్టు, "నాది కూడా మార్చుకోవచ్చా?"

"మార్చుకోండి బాబాయ్" అన్నాను.

అయిదుకు ఇంకా రెండు నిమిషాలున్నాయనగా గీత ఇంకొంచెం జరిగింది. ఆరింటికి తొమ్మిది, తొమ్మిదికి ఆరు. ఎవరి మీదా జాలి లేకుండా, ఎవరు నొచ్చుకుంటారో చూడకుండా ఆ మనిషి వేసిన మొదటి ఓటు అదే. దాని వెనకే వాయిస్ మెసేజు వచ్చింది. ఈసారి నిమిషాలు కావు, మూడంటే మూడు సెకన్లు. ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా సౌండు పెంచి నొక్కాను.

"నాకు ఆరింటికే ఇష్టం అమ్మాయ్."